చెరువడిగిన చిన్నకోడలు



మా రాచర్ల ప్రాంతమున వానను గూర్చి మాటాడుకొనుటయే గాని వానను చూచుట తక్కువ. పడమట గోడవలె నిలిచిన నల్లమల కొండలు నైరృతి మేఘములలోని తేమను తామే గ్రహించి, ఈవలనున్న మా మెట్టచేలకు చల్లగాలిని మాత్రము పంపుచుండును. అట్టి నేలమీద ఏ కార్తికమాసముననో తుపాను పట్టి, సాయంకాలము మొదలుకొని తెల్లవారుదాక వాన విడువక కురిసిన రాత్రులు నా బాల్యమున రెండో మూడో మాత్రమే ఉండెను. కాని ఆ రాత్రులే నాకు నేటికిని స్పష్టముగా జ్ఞాపకమున్నవి. వాన కావలెనని సంవత్సరమంతయు మొక్కుకొనినవారే ఆ రాత్రి వానకు భయపడుచుండిరి. ఇంటి మగవారు గోనెసంచులు తలపై కప్పుకొని, చేత లాంతరుతో, భుజమున పారతో చెరువుకట్ట మీదికి పోవుదురు. కట్ట ఎచ్చటనైన చెమ్మగిల్లుచున్నదా, అలుగు సరిగా పారుచున్నదా, ఎలుకబొక్క గాని ఎండ్రకాయబొక్క గాని నోరు తెరచినదా యని వారు చీకటిలో వెదకుచుండగా, ఇంట మిగిలిన పిల్లలకు మా అవ్వ నులకమంచముపై కూర్చుండి ముసలమ్మ కథ చెప్పెడిది.

ఆ కథలో గండి పడబోవు చెరువు మా చెరువే యని నేను చాలకాలము నమ్మితిని. అవ్వ అనంతపురము పేరెన్నడును ఎత్తలేదు. ఎత్తవలసిన పని ఆమెకు కనబడలేదు కాబోలు. బయట వాన హోరు, దూరమున కట్టమీద మనుష్యుల కేకలు, లోపల ఆమె కంఠము, ఈ మూడును కలిసి ఆ కథను మా యింటి కథగా చేసినవి. అమ్మవారు బలి అడుగు ఘట్టమునకు వచ్చునప్పటికి ఆమె ఒక్కక్షణము ఆగి వంటయింటి గుమ్మమువైపు చూచెడిది. ఆ గుమ్మమున మా అమ్మ నిలుచుండి వినుచుండెడిది. మా అమ్మ ఆ యింటికి చిన్నకోడలు. “బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను నాకియ్యండి” అని అవ్వ అమ్మవారి మాటను పలికిన వెంటనే అమ్మ మారుమాటాడక లోపలికి పోయెడిది. ఎందుకు పోయెడిదో అప్పుడు నాకు తెలియలేదు. నేడు మీతో నేను మాటాడదలచినది ఆ ముసలమ్మను గూర్చి. ఆమె త్యాగమును, ధైర్యమును గూర్చి. అంతకంటె ఎక్కువగా, ఆ రెంటిని మనము పొగడునప్పుడు ఆ పొగడ్తల చాటున మరుగుపడిపోవు ఆమె మనోవ్యథను గూర్చి.

కథ తెలియని శ్రోతల కొరకు క్లుప్తముగా చెప్పెదను. అనంతపురమునకు ఆనుకొనియే బుక్కరాయసముద్రమను గ్రామము కలదు. విజయనగరమునేలిన మొదటి బుక్కరాయల పేర అచ్చట వెలసిన చెరువు పేరే ఊరి పేరైనది. ఒక యేడు కుంభవృష్టి కురిసి, చెరువు నిండి, అలలు కట్టను కోయసాగినవి. ఊరివారందరు చేరి మన్ను పోసిరి, రాళ్లు వేసిరి, కంపలు తెచ్చి అడ్డము పెట్టిరి. పోసిన మన్ను పోసినట్లే కొట్టుకొనిపోవుచుండెను. అంతట కంటికి కనబడని వాక్కొకటి వినబడినది. బసిరెడ్డి చిన్నకోడలగు ముసలమ్మను బలి యిచ్చినచో కట్ట నిలుచును, లేనిచో ఊరే నిలువదని దాని భావము. ముసలమ్మ ఆ మాట వినెను, వెనుదీయలేదు, పెద్దలకు మ్రొక్కి, భర్తవద్ద సెలవు గైకొని, కట్టమీదికి నడచి, గండిలో అడుగుపెట్టెను. గండి పూడినది. ఇంతే కథ. పేరు ముసలమ్మయే గాని ఆమె పడుచు. ఇంటి పెద్దల పేరును, ఊరి అమ్మవారి పేరును ఆడుబిడ్డలకు పెట్టు ఆచారము మన సీమలో నేటికిని కలదు గదా. వార్ధక్యమును పేరులో మాత్రమే ఎరిగిన స్త్రీ యామె.

జనుల నోట నానిన ఈ కథ బ్రౌను దొర వెలువరించిన అనంతపుర చరిత్రలో చేరి అచ్చుకెక్కినది. అచ్చట దానిని చదివిన ఒక యువకుడు 1899లో, మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నపుడు, ఆ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజనీ సంఘమువారు పెట్టిన పోటీకి దానిని కావ్యముగా వ్రాసి బహుమానమందెను. అప్పటికాతని వయస్సు పందొమ్మిదేండ్లు. ఆతడే చిత్తూరు చేరువనున్న కట్టమంచి గ్రామమున 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు. అనంతరకాలమున కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, కవిత్వతత్త్వ విచారమును వ్రాసి పండితలోకమును కలచివేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైనవారు. ఆ తరువాతి పదవులు, వాదములు, ఉపన్యాసములు ఎన్ని యున్నను, ఆ పందొమ్మిదేండ్ల విద్యార్థి వ్రాసిన చిన్నకావ్యమునే నేను ఎక్కువగా గౌరవింతును. కారణము చెప్పెదను. అంతవరకు మన కావ్యములకు నాయిక కావలెనన్నచో ఏ రాజపుత్రికయో, ఏ గంధర్వకాంతయో కావలెను. కావ్యము ముగియవలెనన్నచో వివాహముతోనో పట్టాభిషేకముతోనో ముగియవలెను. రామలింగారెడ్డిగారు ఒక కాపుటింటి కోడలిని నాయికగా నిలిపిరి. ఆమె మరణమునే కావ్యమునకు పేరుగా పెట్టిరి. మంగళాంతమను పాత కట్టడిని ఆ పేరులోనే త్రోసివేసిరి. ఆ కాలముననే బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు విషాదసారంగధరతో తెలుగు నాటకమునకు విషాదాంతమును అలవరచుట తలచుకొన్నపుడు, దుఃఖమును దుఃఖముగానే చెప్పు నిజాయితీ మన సాహిత్యమునకు ఈ నీరులేని సీమలనుండియే వచ్చినదని నాకు తోచును.

ఇక అసలు విషయమునకు వత్తును. దైవవాక్కు వెలువడిన క్షణమునకును, ముసలమ్మ గండిలో అడుగిడిన క్షణమునకును నడుమ కొంతకాలము గడచియుండవలెను. ఇంటినుండి కట్టకు ఎంత దూరమో అంత కాలమైన గడచియుండవలెను. కథ చెప్పువారందరు ఆ కాలమును ఒక్క వాక్యములో దాటించెదరు. నేను దానిని దాటలేకపోవుచున్నాను. వంద యిండ్లవారు గుమిగూడినచోట ఒక్క మనిషి పేరు పిలువబడినది. అంతవరకు ఆమె ఆ గుంపులో ఒకతె. తడిసిన చెంగుతో మన్నుగంప మోయుచున్నవారిలో ఒకతె. పేరు వినబడినంతనే చుట్టునున్నవారు, తమకు తెలియకయే, ఒక్కొక్క అడుగు వెనుకకు వేసియుందురు. ఆమెను ఎవ్వరును చేయిపట్టి లాగలేదు. పొమ్మని నోటితో అనలేదు. ఎవ్వరును ఏమియు అనకపోవుటయే ఆమెపై పడిన మొదటి దెబ్బ. తల్లివలె చూచినవారి కన్నులు నేలను చూచుచుండగా, తోటికోడండ్రు బిడ్డలను దగ్గరకు తీసికొనుచుండగా, మామగారి మౌనములో తన పేరు ఇంకను మ్రోగుచుండగా, ఆమె ఇంటికి పోయి, స్నానమాడి, దీపము వెలిగించి, చీర కట్టుకొనవలెను. ఆ చీర మడతలు సవరించుకొనిన చేతుల వణకును ఏ కథయు చెప్పదు. యుద్ధమునకు పోవు వీరునికి ప్రక్కన మరియొక వీరుడుండును. చేత కత్తి యుండును. బ్రదికి వచ్చుదునను ఆశ అణుమాత్రమైనను ఉండును. ముసలమ్మకు ఈ మూడును లేవు.

ఆమె సమ్మతించినది గదా యందురు. అవును, సమ్మతించినది. ఊరి ప్రాణములన్నియు ఒకవైపు, తన ప్రాణమొక్కటి మరియొకవైపు పెట్టి, తూచి చెప్పుమని తక్కెడను ఆమె చేతికే ఇచ్చినపుడు, కాదనుటకు ఆమెకు దారి యెక్కడిది? కాదన్నచో బ్రతికినన్నాళ్లు ఆమె ఏ బావిగట్టున నిలువగలదు? ఎవరి ముఖము చూడగలదు? ఇంతమాత్రముచేత ఆమె ధీరత్వము తగ్గునని నేననను. దారులన్నియు మూసికొనిపోయిన తరువాత మిగిలిన ఒక్క దారిలో ఏడ్చుచు ఈడ్వబడువారు కలరు. తలయెత్తి నడచినవారు కలరు. ఆమె తలయెత్తి నడచినది. ఆమె ధీరత్వము నిజము. ఆమెను ఆ ధీరత్వమునకు నెట్టిన స్థితి అన్యాయము. ఈ రెండు వాక్యములలో ఒకదానిని విడిచి మరియొకదానినే చెప్పువారు ముసలమ్మ కథను సగమే చెప్పినవారు. మన పురాణశ్రవణములలోను, బడి పుస్తకములలోను తరచుగా వినబడునది మొదటి సగము.

ఈ కథ మనకొక్కరికే చెందినది కాదు. తుంగభద్రకు ఆవల, కన్నడ దేశమున, స్త్రీలు పాడుకొను కెరెగె హార యను ప్రసిద్ధమైన జానపదగేయము కలదు. చెరువునకు ఆహుతి యని ఆ పేరున కర్థము. మల్లనగౌడుడను గ్రామపెద్ద చెరువు త్రవ్వించును, నీరు పడదు. కోడలిని బలియిమ్మని జోస్యులు చెప్పుదురు. పెద్దకోడలిని ఇచ్చినచో ఇంటి పెద్దరికమునకు లోటు వచ్చునని తలపోసి, చిన్నకోడలు భాగీరథిని నిర్ణయింతురు. ఆమె పుట్టింటికి పోవును. ముఖము చిన్నబోయినదేమని తండ్రి యడుగగా, అత్తవారు మమ్ము వేరుపోవుమనుచున్నారని ఏదో చెప్పి తప్పించుకొనును. కన్నవారికి చెప్పలేని మాటను నేస్తురాలి యింటికి పోయి చెప్పుకొనును. ఆ గేయమున నా మనస్సును పట్టి వదలని ఘట్టమిది. ప్రాణాంతకమైన వ్యథను మోయుచున్నవారు దానిని దాచుకొనునది తమను అత్యధికముగా ప్రేమించువారి యొద్దనే యను సంగతిని, చదువురాని ఆ గాయనీమణులు ఎంత సూక్ష్మముగా కనిపెట్టిరో చూడుడు. కడకు చెరువుగట్టున మరచినట్లు వదలిన బంగారు గిన్నెను తెచ్చుటకు భాగీరథిని పంపుదురు. ఆమె వచ్చుచుండగా నీరు పాదములు మొదలుకొని మెట్టుమెట్టుగా పైకెక్కి ఆమెను ముంచివేయును. దండులోనున్న ఆమె మగడు మాదేవరాయడు చెడుకల గని, గుఱ్ఱమెక్కి వచ్చి, ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క అబద్ధము చెప్పగా, చివరకు నిజము తెలిసి, తానును ఆ చెరువులోనే దుమికి మరణించును.

సముద్రములు దాటి పోయినను ఇదే చిన్నకోడలు కనబడుచున్నది. సెర్బియా దేశపు జానపదగేయమున ముగ్గురన్నదమ్ములు స్కదర్ కోటను కట్టుచుందురు. పగలు కట్టినది రాత్రి కూలుచుండును. రేపు మీ ముగ్గురి భార్యలలో ఎవతె భోజనము తెచ్చునో ఆమెను గోడలో పెట్టి కట్టుడని కొండదేవత చెప్పును. ఈ మాట భార్యలకు చెప్పరాదని అన్నదమ్ములు ప్రమాణము చేసికొందురు. పెద్దవారిద్దరు ప్రమాణము తప్పి తమ భార్యలకు రహస్యము చెప్పివేయుదురు. చిన్నవాడొక్కడే మాట నిలుపుకొనును. అతని భార్యయే కూటితో వచ్చును. గోడ పైకి లేచుచుండగా ఆ తల్లి, పసిబిడ్డకు పాలిచ్చుటకు రొమ్ములకెదురుగను, బిడ్డను చూచుకొనుటకు కన్నులకెదురుగను రెండు సందులు వదలుమని వేడుకొనినదట. గ్రీకుదేశపు ఆర్తా వంతెన కథయు, రుమేనియాలోని మనోలే శిల్పి కథయు ఇట్టివే. ఎక్కడికి పోయినను కట్టువాడు పురుషుడు. కట్టడములో పోవునది స్త్రీ.

ఈ కథలనన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు మన ముసలమ్మకు ఒక్క విశేషము కనబడుచున్నది. స్కదర్ కోట యింటి కోడలికి ఏమియు తెలియదు; ఆమెను వంచించిరి. భాగీరథికి తెలిసినను, అత్తవారు ఆమె ముఖమున చెప్పక గిన్నెనెపమున పంపిరి. ముసలమ్మ విషయమున నెపము లేదు. ఆమె పేరు బయట, అందరి యెదుట పలుకబడినది, ఆమె విన్నది, బదులు చెప్పినది, సెలవు తీసికొన్నది. తెలుగు కథ ఆమెకు ఇచ్చిన గౌరవమిది. బలిపశువునకు నోరుండదు, ముసలమ్మకు నోరిచ్చినందుచేతనే ఆమె బలిపశువు కాక నాయిక యైనది. రామలింగారెడ్డిగారి దృష్టి నాకర్షించిన అంశమును ఇదియే యని నేను భావింతును.

ఇప్పుడొక శాసనమును గూర్చి చెప్పెదను. గిద్దలూరునకు దక్షిణముగా పోయిన కడప సీమలో పోరుమామిళ్ల చెరువున్నది. దానిని గూర్చి 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. దానిని వేయించినవాడు ఉదయగిరిని పాలించిన భాస్కర భవదూరుడు. మొదటి బుక్కరాయల కుమారుడు. ఏ బుక్కరాయల పేర ముసలమ్మ చెరువు వెలసినదో ఆ బుక్కరాయల కుమారుడే యని గమనింపుడు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెనని ఆ శాసనము చెప్పుచున్నది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టి రేగడినేల, మూడు యోజనముల దూరమునుండి మంచినీరు తెచ్చు నది, ఆ నదికి ఆనిన కొండలు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుకాని దృఢమైన రాతికట్ట, లోతును విస్తారమును గల గర్భము, పొడవైన రాళ్లు దొరకు గని, దిగువను సారవంతమైన పొలము, పనియందు ఆరితేరిన కట్టుబడివాండ్రు, ఇట్లు సాగును ఆ లెక్క. ఆరు దోషములను గూడ చెప్పినది: కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, గర్భము నడుమ మెరక యుండుట, నీరు తక్కువై పొలమెక్కువగుట, పొలము తక్కువై నీరెక్కువగుట. రెండేండ్లపాటు నిత్యము వేయిమంది కూలీలును, నూరు బండ్లును పనిచేసినట్లు అందు చెప్పబడినది. ఆ పండ్రెండు అంగములలో మనిషి ప్రాణము లేదు. ఆ ఆరు దోషములకు ప్రాయశ్చిత్తముగా నరబలి చెప్పబడలేదు. జలశాస్త్రమెరిగినవారు కట్ట తెగుటకు కారణమును మట్టిలోను, నీటిలోను, రాతిలోను వెదకిరి. కారణమును వెదకనివారు బసిరెడ్డి కోడలిని వెదకిరి.

మా సీమలోనే ఇట్టి శాస్త్రమునకు కన్నులయెదుట సాక్ష్యము కలదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, మా రాచర్ల మండలములోని నెమలిగుండమున రంగనాయకస్వామి పాదసన్నిధిని దుమికి, పల్లపు నేలకు దిగి, కంభము వద్ద రెండు కొండల నడుమ వేసిన కట్టకు తగిలి నిలుచుచున్నది. గజపతుల ఆడుబిడ్డ, శ్రీకృష్ణదేవరాయల దేవి యగు వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధమైన ఆ చెరువుకట్ట ఎత్తు 57 అడుగులు; దాని క్రింద సాగునకు ఏర్పడిన భూమి పదివేల యెకరములకు పైన. పోరుమామిళ్ల చెరువును, కంభము చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ కట్టడములుగా గుర్తించిరి. కంభము కట్టమీద నిలిచి చూచినపుడెల్ల నాకు గర్వము కలుగును. దానిని నిలిపియుంచినవారిని తలచినపుడు అంతకంటె ఎక్కువ కలుగును. పూర్వము చెరువు మరమ్మతునకు ఊరిలో ప్రతి యింటివారును తమ వంతు పని చేయవలెనను కుడిమరామత్తు కట్టుబాటుండెను. చెరువు బాగోగులు చూచువారికి దశబంధము ఇనాములుండెను. తూము తెరచుటకు, మూయుటకు, పాయలు పంచుటకు నీరుగంటి యుండెను. వేసవిలో పూడిక తీసి, కట్టపై కంపచెట్లు కొట్టి, బొక్కలు పూడ్చి, అలుగు సరిచేసిన ఊరిలో వానరాత్రి ఎవరి పేరును పిలువవలసిన అవసరము రాదు. ఇంటికొక గంప మన్ను పోయవలసినవారు పోయక ఊరకుండినపుడు, ఆ మన్నంతటికి బదులుగా ఒకరి దేహమును అడుగవలసి వచ్చును. ముసలమ్మ కథకు నేను చెప్పుకొను అర్థమిది.

నేటి సంగతి యొకటి చెప్పక తప్పదు. ఫ్లోరైడు నీరు త్రాగి కీళ్లు పట్టిన మా మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి సీమలకు కృష్ణాజలములు తేవలెనని 1996లో వెలిగొండ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. కొండను తొలిచి దాదాపు 19 కిలోమీటర్ల సొరంగములు వేసిరి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు అడ్డుకట్టలు కట్టి నల్లమలసాగరమను జలాశయమును ఏర్పరచిరి. ఆ నీరు రావలెను. దానికై మూడు తరములు ఎదురుచూచినవి. ఆ జలాశయములో మునుగు గ్రామములు పదకొండు. ఆ గ్రామముల వారిని గూర్చి సభలలో మాటాడునపుడు, త్యాగధనులని సంబోధించుట వినుచున్నాము. ఆ మాట వినినపుడెల్ల నాకు వానరాత్రి మా యింటి గుమ్మము జ్ఞాపకము వచ్చును. త్యాగమను మాట ఇచ్చినవారి నోట రావలెను. పుచ్చుకొన్నవారి నోట రావలసిన మాట ఋణము. పొలమును, ఇంటిని, తాతల సమాధులను నీటికి వదలి వచ్చినవారికి రావలసిన పరిహారము, కట్టి యియ్యవలసిన యిల్లు, చూపవలసిన బ్రతుకుతెరువు, ఇవి ముట్టిన తరువాత వారిని వేనోళ్ల పొగడవచ్చును. ముట్టకముందు పొగడుట, ముసలమ్మ నడచిపోవుచుండగా కట్టమీద నిలిచి చేతులు జోడించుట వంటిది.

మా అవ్వ కాలము చేయుటకు ముందటి సంవత్సరమున మా అమ్మ ఆమెను ఒక ప్రశ్న అడిగినది. అవ్వ అప్పటికి మంచము పట్టియున్నది, వాన లేదు, మిట్టమధ్యాహ్నము. అమ్మ ఆమె తల దువ్వుచు, “బసిరెడ్డి ఎందుకు పోకూడదంట అత్తా? ఆయన కట్టే గదా, ఆయన ఊరే గదా?” అన్నది. అవ్వ చాలసేపు మాటాడలేదు. తరువాత, “ఎవరు లేకపోతే ఇంట్లో పొద్దు గడవదో వాళ్లనే అమ్మ అడుగుతాది లేవే” అన్నది. కన్నడ గేయములోని పెద్దలు, లేకున్నను గడచిపోవునను తలంపుతో చిన్నకోడలిని ఎంచిరి. మా అవ్వ, లేనిదే గడవదను కారణముచేత అమ్మవారు చిన్నకోడలిని అడిగినదనెను. ఈ రెంటిలో ఏది సత్యమో నేను తేల్చలేను. ఒక్కటి మాత్రము తరువాత తెలిసికొంటిని. మా అవ్వయు తన కాలమున ఆ యింటికి చిన్నకోడలే. అన్నేండ్లు ఆమె ఆ ఘట్టమున ఆగి గుమ్మమువైపు చూచినది అధికారముతో కాదని, ఆ గుమ్మమున ఒకప్పుడు తానును నిలుచుండి వినినందువలననే యని, ఇప్పుడు నాకు తోచుచున్నది.

బుక్కరాయసముద్రపు చెరువుకట్టను నేటికిని ముసలమ్మ కట్ట యనియే పిలుతురు. ప్రభువు పేరు చెరువునకు మిగిలినది. కోడలి పేరు కట్టకు మిగిలినది. మన పల్లెలలో చెరువుగట్టున, పొలిమేరన, వేపచెట్టు క్రింద పేరంటాలమ్మ గుళ్లనేకములు కలవు; అకాలమరణమందిన పుణ్యస్త్రీలను జనులు దేవతలుగా నిలిపిన తావులవి. పసుపు పూసిన రాయి, నాలుగు గాజులు, ఎర్రగుడ్డ తప్ప వాటిలో పెక్కింటికి వేరు గుర్తు లేదు. కొన్నింటికి పేరును పోయి, ఉత్త పేరంటాలమ్మ మాత్రమే మిగిలినది. శ్రోతలకు నా విన్నపమొక్కటి. మీ యూరి కట్టమీద అట్టి గుడి యున్నచో, ఈ యాదివారము అచ్చటికి పోయి, ఆ యూరిలో అందరికంటె వయసు మీరిన అమ్మను కూర్చుండబెట్టి, ఆ పేరంటాలమ్మ ఎవరు, ఎట్లు పోయినది, ఎవరికొరకు పోయినది యని అడుగుడు. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. దేశమంతట పిల్లలకు అక్షరములు దిద్దించిన రాతిపలకలు మన మార్కాపురమునవే గదా. అట్టి రాతి నొకదానిని తెప్పించి, దానిమీద ఆమె పేరును, ఆమె అత్తవారి యూరితోపాటు ఆమె పుట్టిన యూరి పేరును చెక్కించి, ఆ పసుపురాయి ప్రక్కన నిలుపుడు.